మా ఇంటికి రావాలంటే వాళ్ళ గుమ్మం తొక్కాలి

గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని రాసి, నా డబ్బుతో నడిపే నా సైట్‌లో పెట్టుకున్న వ్యాసాన్ని ఎవరో పుణ్యాత్ముడు నలుగురికీ పంపాడు. తీరా చూస్తే ఆ లింకులో నా సైట్ పేరే లేదు, మధ్యలో దూరిన కంపెనీ పేరుంది. నొక్కితే ముందు వాళ్ళ దగ్గరికెళ్ళి, ఆ తర్వాతే నా దగ్గరికి రావాలి. ఇదేంటండీ అంటే 'పాఠకుల భద్రత కోసం' అట. నా వ్యాసం వల్ల వాళ్ళకి మహా అయితే నిద్రొస్తుంది.

ఇంత గొప్ప ఏర్పాటు మన ఊరికీ కావాలని నా మనవి. అరండల్‌పేటలో ఒకావిడ ఇడ్లీ బండి పెట్టుకుంది. బ్రాడీపేట వాళ్ళు అటు వెళ్ళాలంటే శంకర్ విలాస్ దగ్గర ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. 'ఎక్కడికి బాబాయ్?' 'ఇడ్లీకి.' రాసుకుంటాడు: పేరు, టైము, నిన్న పెసరట్టు తిన్న సంగతి. ఆ పుస్తకం ఆవిడకి మాత్రం చూపించడు. కొన్నాళ్ళకి 'అంత దూరం ఎందుకు, ఆవిడ ఇడ్లీలే ఇక్కడ పెట్టా' అని తన గొడుగు కింద, తన ప్లేట్లో వడ్డిస్తాడు. చట్నీ ఎంత వేయాలో కూడా ఆయన రూలే. జనం ఇంటికెళ్ళి 'శంకర్ విలాస్ దగ్గర ఇడ్లీ బ్రహ్మాండం' అంటారు. ఆవిడ వచ్చి అడిగితే, 'నీకు గిరాకీ పెంచుతున్నా కదమ్మా!'

ఆ ప్లేటు నా కల్పన కాదు. ఫోన్లో పేజీలు చకచకా తెరుచుకోవాలని 2015లో గూగుల్ ప్రకటించిన ఏఎంపీ అనే పద్ధతి అదే. పేజీ పత్రికది, వడ్డన గూగుల్ తన దగ్గర దాచుకున్న నకలుది, అడ్రస్ బార్‌లో చాలాకాలం గూగుల్ పేరే. మొబైల్‌లో గూగుల్ వెతుకులాటలో పైన వార్తలు చూపించే టాప్ స్టోరీస్ వరుసలో కనిపించాలంటే 2021 దాకా అది తప్పనిసరి.

పెద్దమనిషికి కోపమొస్తే ఇంకా బాగుంటుంది. ట్విటర్‌లో (ఇప్పటి ఎక్స్) పెట్టిన ప్రతి లింకూ ముందు దాని టీ.కో అడ్రస్ మీదుగానే వెళ్తుంది. 2023 ఆగస్టులో ఆ దారిలో న్యూయార్క్ టైమ్స్, రాయిటర్స్ లాంటి సైట్లకి వెళ్ళేవాళ్ళని సుమారు 5 సెకన్లు నిలబెట్టింది. వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టాక ఎత్తేయడం మొదలుపెట్టింది. ఈలోగా తిట్లు పడేది ఎవరికి? 'ఈ పేపర్ సైట్ స్లో' అని పేపర్‌కే.

గూగుల్ వాళ్ళు 2009లో గూ.జీఎల్ అని, పొడుగు అడ్రసుల బదులు తమ మీదుగా వెళ్ళే పొట్టి లింకులు పంచారు, 2019లో కొత్తవి ఆపేశారు, 2024 చివర్లో ఎవరూ నొక్కలేదని తేల్చిన పాతవాటికి 2025 ఆగస్టుతో మంగళం పాడారు. నొక్కకపోతే? చిన్న పత్రిక చివరి పేజీలో అచ్చయిన లింకుని ఇప్పుడు ఏ రబ్బరుతో చెరిపి రాయాలి? పదేళ్ళ తర్వాత ఎవడో పిల్లాడు వెతుక్కుంటూ వస్తే ఏం చెప్పాలి? వ్యాసం ఉంది, సర్వర్ ఉంది, నెలనెలా బిల్లు మేమే ఛస్తూ కడుతున్నాం, దారి మాత్రం మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా పీకేశారు!

ఇకమీదట పంపేవాళ్ళు అసలు అడ్రసే పంపండి. చాంతాడంత ఉందని సిగ్గుపడకండి, నా వ్యాసాలూ అంతే.