స్ట్రిప్ రంగు మారితే ప్రోస్టేట్ వాపేనా?

మొన్న కవిటి నుంచి మావయ్య ఒక ఫోటో పంపాడు. యూరిన్ స్ట్రిప్ మీద ప్రోటీన్ గడి పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది. దాని కిందే ఒక వాట్సాప్ మెసేజ్: "ఎలుకల మీద పరిశోధనలో తేలింది. మూత్రంలో ప్రోటీన్ పడితే ప్రోస్టేట్ వాపే. మనుషులకూ అంతే. స్ట్రిప్ చాలు, డాక్టరు అక్కర్లేదు, వాపు మాత్రలు వారం వేసుకోండి." ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి. "నాకూ అదేనంటావా అల్లుడూ?" అని అడిగాడు. ఆ మెసేజ్ మా వైపు చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఎలుకల్లో తేలింది." ఇందులో కొంత నిజముంది. సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్ లాంటి పదార్థాన్ని ఎలుక ప్రోస్టేట్‌లోకి ఎక్కించి వాపు తెప్పిస్తారు. ముందూ తర్వాతా దాని మూత్రం సేకరించి, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో వందల ప్రోటీన్లను విడివిడిగా కొలుస్తారు. వాపు లేని ఎలుకలతో పోల్చి ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో చూస్తారు. ఎలుకను కోయకుండానే మార్పును రోజురోజుకూ గమనించవచ్చు, ఈ పద్ధతి గొప్పతనం అదే. కానీ అక్కడ వెతికేది ప్రోటీన్ ఉందా లేదా అని కాదు. ఏ జబ్బూ లేని మగ ఎలుక మూత్రంలోనే ప్రోటీన్ బాగా ఉంటుంది, అందులో చాలా భాగం దాని కాలేయంలో తయారైనదే. ప్రోటీన్ పడటమే వాపుకు గుర్తయితే ఆ ప్రయోగానికి అర్థమే ఉండదు.

"మనుషులకూ అంతే." అంత తేలిక కాదు. ఎలుక ప్రోస్టేట్ విడివిడి తమ్మెలుగా ఉంటుంది, మనిషిది ఒకే ముద్ద. ప్రోస్టేట్ జబ్బుల కోసం మన డాక్టర్లు రక్తంలో చూసే పీఎస్ఏ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే ఎలుకకు లేదు.

"స్ట్రిప్ చాలు." స్ట్రిప్ పట్టుకునేది ముఖ్యంగా రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను. జ్వరం వచ్చినా, ఎండలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేసినా, షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నా అది కనిపించవచ్చు.

"వాపు మాత్రలు వేసుకోండి." నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ మాటకే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. వాపు మాత్రలని మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. అసలే దెబ్బతిన్న కిడ్నీకి అవి ఇంకా చేటు. ఇంకో సంగతి, ఉద్దానం కిడ్నీ జబ్బులో మొదట్లో ప్రోటీన్ పెద్దగా పోదు. కాబట్టి స్ట్రిప్ రంగు మారలేదని ధీమాగా ఉండటానికీ లేదు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి పంపే వ్యర్థం) ఎంతుందో చూపించుకోవాల్సిందే.

మావయ్య అప్పటికే రెండు మాత్రలు మింగాడు. మిగిలిన అట్ట అత్త చేతికి ఇప్పించాను. ఒంటికి వెళ్తే మంట లేదుగానీ ధార సన్నబడిందన్నాడు. క్రియాటినిన్, మూత్రంలో క్రిములున్నాయేమో చూసే యూరిన్ కల్చర్, స్కానింగ్ చేయించడానికి సోమవారం పలాస తీసుకెళ్తున్నాను.