గోడ మీది పట్టా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రసాయన శాస్త్ర పట్టా గారి సముఖమునకు,

పదిహేనేళ్లుగా మీ చల్లని నీడలో బతుకుతున్న నేను విన్నవించుకునేది ఏమనగా, నాకు ప్రమోషన్ ఇస్తామంటున్నారు. శుభవార్తే. కాకపోతే ఆ పదవి ప్రయోగశాలలో లేదు, కొనుగోళ్ల విభాగంలో ఉంది. దానికి నన్ను అధిపతిని చేస్తారట. అవునో కాదో సోమవారంలోగా చెప్పమన్నారు. ఆ కబురు ఇంటికి తెచ్చిన సాయంత్రం నుంచి మీరు గోడ మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. మేకు వదులైందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. అలిగారని నాకు తెలుసు.

"రసాయన శాస్త్రం చదివి, కొటేషన్లు పోల్చుకుంటూ కూర్చుంటావా?" అన్నదే కదా మీ ప్రశ్న? మీరు నోరు తెరవకముందే చుట్టాలు అడిగేశారు. మా సహోద్యోగులు కూడా అడిగారు, కాకపోతే వాళ్ల గొంతులో నా కుర్చీ ఖాళీ అవుతుందన్న ఉత్సాహం కాస్త కలిసింది.

మీరు లేకపోతే నన్ను గేటు లోపలికి కూడా రానిచ్చేవారు కాదు, ఒప్పుకుంటాను. గేటు దాటాక మీరు చేసిన సాయం ఎంతో కూడా లెక్క చూద్దాం. రోజూ నేను పనిచేసే, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే క్రొమటోగ్రఫీ యంత్రాన్ని కాలేజీలో నాకు చూపించలేదు. బొమ్మ గీయించారు, భాగాలు గుర్తించమన్నారు, మార్కులు వేశారు. అసలు యంత్రంలో గాలి బుడగ చేరితే పంపు పీడనం ఎలా ఊగిసలాడుతుందో, ఆ బుడగను ఎలా వదిలించాలో నేర్పింది పక్క బల్ల దగ్గరి పెద్దాయన. ఆయన చదివింది వృక్షశాస్త్రం. మీరు తట్టుకోలేరని ఈ సంగతి ఇన్నాళ్లూ మీ దగ్గర దాచాను.

మీ పుణ్యాన చేతికి వచ్చిన విద్య మాత్రం ఒకటుంది, టైట్రేషన్. గాఢత తెలిసిన ద్రావణాన్ని కొలిచి వదులుతూ, తెలియనిదాని గాఢత కనిపెట్టడం. ఎడమచేయి బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం కొళాయి మీద, కుడిచేయి ఫ్లాస్కును తిప్పుతూ. చివరికొచ్చేసరికి ధార ఆపి బొట్టు బొట్టుగా వదలాలి. బొట్టంటే సుమారు 0.05 మిల్లీలీటరు. ఒక్కోసారి అదీ ఎక్కువే. అప్పుడు కొన మీద వేలాడే అర బొట్టును ఫ్లాస్కు గోడకు తాకించి, స్వేదనజలంతో లోపలికి కడగాలి. రంగు మారి కబురు చెప్పే ఫినాఫ్తలీన్ లేత గులాబీకి తిరిగి ముప్పై సెకన్లు నిలిచిందా, ఆగిపోవాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. ఆ అర బొట్టు నా చేతికి తెలుసు. కొనుగోళ్లలో రెండేళ్లు కూర్చుంటే ఈ చేయి మొద్దుబారుతుంది. మీ అలకలో న్యాయం ఉన్నది ఇంతవరకే, మిగిలినదంతా పరువు గొడవ. (కిందటి నెల ఆ పనికి కూడా ఒక యంత్రం వచ్చింది. రంగుతో దానికి పనే లేదు, ఎలక్ట్రోడుతో కనిపెట్టేస్తుంది. దానికి పట్టా ఉందో లేదో మీరే కనుక్కోండి.)

నన్నే ఎందుకు ఎంచుకున్నారని పైఅధికారిని అడిగాను. "ప్రయోగశాలలో మీ అంత బాగా పనిచేసేవాళ్లు లేరు కదా" అన్నారు. అంటే వీణ బాగా వాయిస్తున్నారు కాబట్టి, రేపటి నుంచి కచేరీకి టికెట్లు మీరే అమ్మాలి. ఉద్యోగి అన్నవాడు తనకు చేతకాని మెట్టు చేరేదాకా ఎక్కుతూనే ఉంటాడని లారెన్స్ పీటర్ అనే విద్యావేత్త 1969లో అంటే చాలామంది హాస్యమనుకున్నారు. యాభై ఏళ్ల తరువాత, 2019లో, అమెరికా కంపెనీల అమ్మకాల సిబ్బందిని లెక్కలు కట్టి చూసిన ఆర్థికవేత్తలకు అదే కనిపించింది. బాగా అమ్మినవాళ్లకే మేనేజరు కుర్చీ ముందు దొరుకుతోంది, ఆ కుర్చీలో వాళ్లు రాణించడం మాత్రం తక్కువ. ఈ ముక్క మీకు తీపిగా ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను.

ఐన్‌స్టీన్‌ను సాక్షిగా పిలుస్తారని కూడా తెలుసు. 1952లో ఇజ్రాయెల్ అధ్యక్ష పదవి ఇస్తామంటే, జీవితమంతా వస్తుగత విషయాలతోనే గడిపానని, మనుషులతో వ్యవహరించే సహజ నేర్పు గానీ అనుభవం గానీ తనకు లేవని రాసి, మర్యాదగా తప్పుకున్నారు. నిజమే. అయితే మీ శాఖ ఆడపడుచుల సంగతి ఎందుకు దాస్తారు? మార్గరెట్ థాచర్ రసాయన శాస్త్రం చదివి, పరిశోధనా రసాయనవేత్తగా జీతం తీసుకున్న మనిషి. తరువాత 1979 నుంచి 1990 దాకా బ్రిటన్ ప్రధాని. ఏంజెలా మెర్కెల్ డాక్టరేటు క్వాంటం రసాయనంలో. జర్మనీని పదహారేళ్లు ఏలారు. వాళ్ల పాలన మంచిచెడ్డలు వేరే సంగతి, వాళ్ల పట్టాలు గోడ మీద ఒరిగాయని మాత్రం నేనెక్కడా వినలేదు.

మొన్న ఒక పూట కొనుగోళ్ల విభాగంలో కూర్చొని చూసి వచ్చాను, మీకు చెప్పకుండానే. ఒక ద్రావణికి, అంటే పదార్థాలను కరిగించే ద్రవానికి, మూడు కొటేషన్లు వచ్చాయి. తక్కువ ధరది పైన పెట్టి సంతకానికి సిద్ధం చేశారు. దాని విశ్లేషణ పత్రంలో నీటి శాతం గడి ఖాళీగా ఉంది. అక్కడ ఎవరికీ పట్టలేదు, నా కన్ను ముందు పడిందే ఆ గడి మీద. కిందటేడు మూడు వారాలపాటు మా పరీక్షలన్నీ తప్పడానికి కారణం ద్రావణిలోని నీరే. మూడు వారాలు నేను యంత్రాన్ని తిట్టాను పాపం.

సంబరపడకండి, ఆ వెంటనే ఫోను మోగింది. బిల్లు ఇంకా రాలేదని ఒక సరఫరాదారు మొర. ఆ బల్ల దగ్గరి ఆయన ఇరవై నిమిషాలు ఓపికగా విన్నారు, ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క మాట ఇవ్వకుండా. నేనైతే రెండో నిమిషంలో పెట్టేసేదాన్ని. నా నమూనాలు నాతో ఎదురు మాట్లాడవు, సెలవు అడగవు, తక్కువ రేటింగు ఇచ్చావేమని నిలదీయవు. అక్కడ పదకొండు మంది ఉన్నారు. గోడ మీది మిమ్మల్ని చూపించి "ఇది నా చదువు కాదండీ" అని తప్పుకోవడం ఎంత సుఖమో తెలుసా? ఇన్నాళ్లూ మీరు నాకు చేసిన అసలు సేవ అదేనేమో.

కొన్ని సంస్థల్లో రెండు నిచ్చెనలు ఉంటాయి. ఒకటి అధికారానికి, ఒకటి నైపుణ్యానికి. పని మారకుండానే హోదా పెరుగుతుంది. మా దగ్గర ఉన్నది ఒక్కటే, అదీ ప్రయోగశాల కిటికీలోంచి బయటికి వేసి ఉంది. అందుకని నిన్న ఒక ఉత్తరం రాశాను. ఆరు నెలలు చేసి చూస్తాను, కుదరకపోతే ఇదే హోదాతో ఇదే బల్ల దగ్గరికి రానివ్వాలి, ఆ మాట కాగితం మీద పెట్టాలి అని. ఆ ఫోను ఆయన దగ్గర మొదటి రెండు నెలలు కూర్చోనివ్వమని కూడా అడిగాను. నోటిమాటగా అన్నిటికీ సరేనన్నారు. కాగితం ఇంకా రాలేదు. అది వస్తేనే నా సంతకం.

ఈలోగా అంగీకార పత్రం నమూనా పంపారు. నాలుగో గడిలో విద్యార్హత రాయాలట, పట్టా నకలు జతచేయాలట. కొనుగోళ్లకు మీతో ఏమి పని అని అడిగితే, నియమం అన్నారు. కాబట్టి ఈ ఆదివారం తమరు గోడ దిగి జిరాక్సు దాకా రావలసి ఉంటుంది. చట్రం వెనక మేకులు తుప్పుపట్టి ఉన్నాయి, కదలకుండా ఉంటే అద్దం పగలదు.

ఇట్లు,
తమ పట్టాదారు