ఫ్రిజ్‌లోంచి తీయగానే మార్కులు వేయకండి

ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరును వీలైనంత చల్లగా తాగాలని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను. పోయిన శనివారం శాన్ హోసేలో మేం నలుగురు స్నేహితులం ఓల్డ్ రాస్పుటిన్ అనే ఇంపీరియల్ స్టౌట్ తెచ్చుకున్నాం. కాలిఫోర్నియాలోనే ఫోర్ట్ బ్రాగ్‌లో నార్త్ కోస్ట్ అనే కంపెనీ వాళ్లు చేసే బీరు, ఆల్కహాల్ 9 శాతం. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే నాలుకకు చేదు తప్ప ఏమీ తగల్లేదు. తలా ఒక ఆరు మార్కులు వేశాం, పదికి.

మాటల్లో పడి ఒక గ్లాసు అలాగే ఉండిపోయింది. అరగంట తర్వాత చూస్తే నురుగు పలచబడి, అంచు చుట్టూ గోధుమరంగు చార మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం మా అమ్మ ఇంట్లో కాఫీ గింజలు వేయించినప్పటి వాసన! గుక్క వేస్తే డార్క్ చాక్లెట్, చివర్లో కాస్త మాడిన బెల్లం పాకం లాంటి తీపి. అందరం మార్కులు దిద్దుకున్నాం, తొమ్మిది. ఆ నలుపు, ఆ రుచి బాగా వేయించిన బార్లీ వల్ల వచ్చేవే. 12, 13 డిగ్రీల దగ్గరైతేనే అవి బయటపడతాయి. లాగర్ అనే మామూలు లేత రంగు బీరుకు దాదాపు రెట్టింపు ఘాటు కాబట్టి ఒక సీసా ఇద్దరికి చాలు. కారు మాత్రం ఇంటి దగ్గరే వదిలి రండి.