సెల్లారులోని స్లడ్జ్ గారికి

మహారాజశ్రీ మా అపార్టుమెంటు మురుగునీటి ప్లాంటులో మురుగును తినే బాక్టీరియా బురద, అనగా స్లడ్జ్ గారికి,

నమస్కారమండి. ఎంత పెట్టినా అరిగించుకుంటామని గోదారోళ్ళ అతిశయం. అది మిమ్మల్ని చూడకముందు మాట. చేపలు కడిగిన నీచునీళ్ళు, పప్పుసుద్ద, పొద్దున్నే పైపుల్లో దిగే చెప్పకూడనివి, ఏదొచ్చినా కాదనరు. అందులోని ప్రోటీన్లను ముక్కలు చేసి అమైనో ఆమ్లాలుగా విడదీస్తారు, వాటినుంచి అమ్మోనియా లాగుతారు. దాన్ని మీలోని నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా గారు నైట్రైట్ చేస్తే, ఇంకొకరు అందుకుని నైట్రేట్ చేస్తారు. ఆయ్, వంట కన్నా అంట్లకే ఎక్కువమంది!

ఇంత చాకిరీకి మీరడిగేది లీటరు నీటికి ఓ 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్. దానికే మా కమిటీకి కరెంటు బిల్లు గుర్తొచ్చి, మీకు గాలి ఊదే బ్లోయరు ఆపేస్తుంది.

అదే భీమవరం పక్క చెరువులో వనామీ రొయ్య అయితే? అర్ధరాత్రి కరెంటు పోతే రైతు లుంగీ ఎగ్గట్టి జనరేటరు దగ్గరికి పరిగెడతాడు. దానికి మేతలో ప్రోటీన్, పైగా డబ్బాల్లో అమైనో ఆసిడ్సు, బెల్లంలో పులియబెట్టిన ప్రోబయోటిక్స్. మీ బాక్టీరియా ఎండితే బరువులో సుమారు సగం ప్రోటీనేనండి. కానీ కిలోకి ఇన్నని కౌంటు కట్టి కొనేవాడు లేడు, అదొక్కటే మీ లోటు. మేతగా అమ్ముదామన్నా మీలో లోహాలు, రోగక్రిములు ఉంటాయి.

గాలి ఆగిన రెండ్రోజులకే గోధుమ రంగు పోయి, తారులా నల్లబడి, బుడగలేస్తారు. సిస్టీన్, మెథియోనిన్‌లలోని గంధకం కుళ్ళిన కోడిగుడ్డు వాసనై మూడో అంతస్తు పూజగది దాకా వస్తుంది. కమిటీ వెంటనే స్పందించి, మీ మీద ఫినాయిల్ పోయించింది. బతికున్న కాసినీ చచ్చాయి. వాసన మాత్రం మల్లెపూల ఫినాయిల్‌తో కలిసి ఇంకా ఘనంగా ఉంది. ట్యాంకులో శుద్ధి కాని నీళ్ళు డ్రెయిన్లోకి వెళ్ళిపోయాయి. అక్కణ్ణించి ఎవరి చెరువుకు ఎత్తుతారో ఆ రొయ్యలకే తెలియాలి.

సోమవారం తనిఖీ ఉందట. ఆదివారం సాయంత్రం బ్లోయరు వేస్తారు. నైట్రోసోమోనాస్ గారు తిరిగి కోలుకోవడానికి వారాలు పడుతుందని సెక్రటరీ గారికి చెప్పి చూశాను. ‘ఆయన ఏ ఫ్లాటు?’ అన్నారు.

ఇట్లు,
మెయింటెనెన్సు ఠంచనుగా కట్టే ఓ ఓనరు