చువ్వ ఒక్కటే, ఉక్కులు రెండు

కంప్యూటర్లో ఉక్కును పరీక్షించే ఇంజినీరింగ్ విద్యార్థి సాధారణంగా ముందు ఇచ్చే అంకె యంగ్స్ మాడ్యులస్ (లాగినప్పుడు సాగకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత), సుమారు 200 గిగాపాస్కల్స్. మెత్తటి ఉక్కుకైనా, కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచిన ఉక్కుకైనా ఆ అంకె పెద్దగా మారదు. ఎంత లాగితే శాశ్వతంగా సాగుతుంది, ఎప్పుడు తెగుతుంది అన్నవే మారతాయి. వాటిని తేల్చేది లోపలి సూక్ష్మనిర్మాణం, అంటే మైక్రోస్కోప్‌లో కనిపించే రేణువుల అమరిక. దాన్ని వదిలేసిన సిమ్యులేషన్ ఎన్ని రంగుల బొమ్మలు చూపించినా సగం పనే అంటాను.

విశాఖ స్టీల్ ప్లాంట్ తయారు చేసే టీఎంటీ చువ్వనే తీసుకోండి. రోలింగ్ మిల్లు నుంచి ఎర్రగా వచ్చే చువ్వ మీద నీళ్లు జోరుగా కొడతారు. పైపొర ఒక్కసారిగా చల్లారి మార్టెన్సైట్ అనే ఉక్కు రూపంగా మారుతుంది. కార్బన్ పరమాణువులు కదిలే వ్యవధి లేక లోపలే ఇరుక్కుపోతాయి కాబట్టి అది గట్టిది, పెళుసుది కూడా. మధ్యలో మిగిలిన వేడి బయటికొచ్చి ఆ పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. నడిమి భాగం ఫెరైట్, పెర్లైట్ అనే రూపాల్లో మెత్తగానే ఉంటుంది. ముక్క కోసి, పాలిష్ పట్టి, నైటాల్ (ఆల్కహాల్లో కలిపిన నైట్రిక్ ఆమ్లం) పూస్తే ఆ గట్టి పైపొర ఒక వలయంలా మామూలు కంటికే కనిపిస్తుంది. 500డి గ్రేడు చువ్వకు ఉండాల్సిన కనీస 500 మెగాపాస్కల్స్ ఈల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) ఈ రెండు పొరలూ కలిసి ఇచ్చేది.

మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టేది ముందు ఆ గట్టి పొరకే. లెక్క వేసి చూద్దాం. 16 మిల్లీమీటర్ల చువ్వ, వలయం మందం ఒకటిన్నర మిల్లీమీటరు అనుకుందాం. చుట్టూ అర మిల్లీమీటరు తుప్పు తినేస్తే మొత్తం వైశాల్యంలో పోయేది 12 శాతం. గట్టి వలయంలో పోయేది మాత్రం 36 శాతం! చువ్వంతా ఒకే పదార్థం అనుకున్న మోడల్‌కు ఈ తేడా తెలిసే దారే లేదు.

రెండు పొరలుగా విడదీయడం తొలి మెట్టు. ఆ తర్వాత మైక్రోస్కోప్ ఫొటోలోని రేణువుల ఆకారాన్నే మోడల్‌గా మార్చి, ఒక్కో రేణువు ఏ దిశలో జారుతుందో లెక్కించే క్రిస్టల్ ప్లాస్టిసిటీ పద్ధతి ఉంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ రూపొందించిన డమాస్క్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, కాబట్టి లైసెన్స్ ఖరీదు అనే సాకు ఇక్కడ చెల్లదు. అసలు కొరత కొలతలది. ఒక్కో పొర కాఠిన్యం ఎంతో కొలవకుండా ఏదో పుస్తకంలోని అంకె ఎక్కిస్తే, కంప్యూటర్ ఆ పుస్తకంలోని ఉక్కు గురించే జవాబిస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటలర్జీ విభాగం ఉంది. బీచ్ పక్కన పాత ఇళ్లు కూల్చినప్పుడల్లా తుప్పు చువ్వలు తూకానికి పోతూనే ఉన్నాయి. కాటాకు వేసేముందు తలా ఒక ముక్క కోసి, మిగిలిన వలయం మందం కొలిచి రాసిపెట్టే పని ఫైనలియర్ ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోతుంది.