పోలీసుకు సంఘం ఉండనిద్దాం, విచారణ మాత్రం బయటివాళ్లకు ఇద్దాం

2022 ఫిబ్రవరి 3న బెజవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు చూసినవాళ్లు ఆ రోజును మర్చిపోరు. కొత్త పీఆర్సీ (వేతన సవరణ) జీవోలు వెనక్కి తీసుకోవాలని ఉద్యోగులు, టీచర్లు ‘చలో విజయవాడ’ అన్నారు. ముందురోజు నుంచే నోటీసులు, ఇళ్ల ముందు కాపలా, దారి పొడవునా తనిఖీలు. అయినా వేల మంది వచ్చేశారు. వాళ్లను ఆపడానికి నిలబెట్టిన కానిస్టేబుల్ జీతం కూడా అదే పీఆర్సీలో ఉంది. ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) తగ్గితే అతని ఇంట్లోనూ అద్దెకు వెతుకులాటే. మూడు రోజులు తిరక్కముందే మంత్రులు సంఘాల నాయకులతో కూర్చున్నారు, హెచ్ఆర్ఏ శ్లాబులు మారాయి, 7వ తేదీ నుంచి జరగాల్సిన సమ్మె ఆగింది. మూలవేతనం మీద ఇచ్చే పెంపు, అంటే ఫిట్‌మెంట్, 23 శాతం దగ్గరే ఉండిపోయిందని చాలామందికి ఇప్పటికీ కోపం. కానీ సంఘం అంటే ఏమిటో ఆ వారం రాష్ట్రం మొత్తం చూసింది.

ఖాకీ వేసుకున్నవాడికి ఆ దారి లేదు. రాజ్యాంగం 33వ అధికరణం, 1966 నాటి చట్టం కలిసి పోలీసుల సంఘ హక్కును కట్టడి చేశాయి. పోలీసు అధికారుల సంఘం మన దగ్గరా ఉంది. వినతిపత్రం ఇస్తుంది, అంతవరకే. 2024 అక్టోబరులో తెలంగాణ బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కింది ఇందుకే. భర్తలు నోరు విప్పకూడదు కాబట్టి వాళ్లు విప్పారు. తర్వాత ఆ భర్తల్లో కొందరు సస్పెండయ్యారు, కొందరి ఉద్యోగాలే పోయాయి.

పోలీసులకు సంఘం ఇస్తే ఇక వాళ్లను అడిగే దిక్కుండదని వాదించేవాళ్లు అమెరికాను చూపిస్తారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020 మే 25న మిన్నియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన అధికారిపై అంతకుముందే పదికి పైగా ఫిర్యాదులున్నాయి. అక్కడ చాలా నగరాల్లో సంఘాలు జీతంతో పాటు క్రమశిక్షణ నిబంధనలనూ ఒప్పందంలో రాయించుకున్నాయి. పై అధికారి డిస్మిస్ చేసినా మధ్యవర్తి మళ్లీ ఉద్యోగంలో కూర్చోబెట్టగలడు. ఇంకో సంగతి చూడండి. 2011లో విస్కాన్సిన్ రాష్ట్రం టీచర్ల దగ్గర్నుంచి, మిగతా ప్రభుత్వ సిబ్బంది దగ్గర్నుంచి బేరమాడే హక్కును దాదాపు లాగేసుకుంది. పోలీసులు, ఫైర్ సిబ్బంది జోలికి మాత్రం వెళ్లలేదు. ఏ సంఘానికి ఎంత బలం ఉండాలో చివరికి రాజకీయమే తేల్చింది.

సరే, మనకు అలాంటి సంఘం లేదు. మరి ఇక్కడ జవాబుదారీతనం ఉందా?

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు గుర్తు చేసుకోవాలి. 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఓ యువకుణ్ణి పట్టుకొచ్చి ఇతనే అన్నారు. నరాల జబ్బుతో సరిగ్గా నడవలేని మనిషి అతను. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి ఆ మనిషి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉన్నారు. ఇందులో ఏ యూనియనూ ఎవర్నీ కాపాడలేదు. కాపాడింది డిపార్ట్‌మెంటే.

ఆ కాపాడడం ఎలా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. వీడియో బయటికొస్తే ఎస్సైని ‘వీఆర్‌కు పంపారు’ (అంటే పోస్టు లేకుండా పక్కన పెట్టారు) అని మర్నాడు పేపర్లో వస్తుంది. జనం చల్లబడతారు. కొన్నాళ్లకు ఆయన ఇంకో స్టేషన్లో చార్జి తీసుకుంటాడు. విచారణాధికారి అదే శాఖ మనిషి, రేపు ఇద్దరూ ఒకే బందోబస్తులో కలిసి నిలబడాలి. కోర్టుకు వెళ్దామంటే విధి నిర్వహణలో చేసిన పనని చెప్పి, ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి ఏదంటారు. పైవాడికి ఎమ్మెల్యే సిఫార్సు ఉంటుంది. చార్జ్ మెమో, ఇంక్రిమెంట్ కోత కింద కానిస్టేబుల్‌కు పడతాయి.

నా బండి పోయినప్పుడు నగరంలోనే ఒక స్టేషన్‌కు నాలుగుసార్లు తిరిగాను. ‘ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు సార్, రేపు రండి.’ ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలన్న బోర్డు కిందే కూర్చుని రైటర్ ఈ మాట చెప్పేవాడు. నాలుగోసారి వెళ్లేసరికి రాత్రి పది. రిజిస్టర్ల మీద టిఫిన్ బాక్సు మూత కూడా తీయకుండా ఉంది. ‘నిన్న పొద్దున ఎక్కాను సార్ డ్యూటీ,’ అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎఫ్ఐఆర్ కట్టనందుకు అతని మీద నాకు కోపం ఉంది, ఆ కోపం న్యాయమైనదే. అతనికి ఇంటికి వెళ్లే టైం కావాలన్నదీ అంతే న్యాయం. 2019 జూన్‌లో మన రాష్ట్రం పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది. ఇవాళ అది ఎంతమందికి అందుతోందో గట్టిగా అడిగే గొంతు వాళ్లకు లేదు.

కాబట్టి నేను కోరేది ఇది. డ్యూటీ గంటలు, సెలవులు, క్వార్టర్లు, జీతం గురించి బేరమాడే సంఘం కానిస్టేబుల్‌కు ఇవ్వాలి. సమ్మె హక్కు వద్దు, రాత్రి పోలీసులకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు రావాలి. ఫిర్యాదులు, విచారణలు మాత్రం సంఘం చేతిలోనూ, డిపార్ట్‌మెంట్ చేతిలోనూ ఉండకూడదు. అమెరికా చేసిన తప్పు ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టడం.

బయటి వ్యవస్థను కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. పోలీసు సంస్కరణలు కోరుతూ వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు రాష్ట్రానికి, ప్రతి జిల్లాకూ పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. ఫిర్యాదు డీఎస్పీ దాకా ఉన్నవాళ్ల మీదైతే జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి చూస్తారు. ఎస్పీ, ఆ పై వాళ్ల మీదైతే రాష్ట్ర స్థాయిలో రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి. కస్టడీ మరణాలు, తీవ్ర గాయాలు, అత్యాచారాలు, జిల్లాలోనైతే డబ్బు గుంజడం, భూముల కబ్జా కూడా వాళ్ల పరిధిలోకే వస్తాయి. 2020 డిసెంబరులో అదే కోర్టు ప్రతి స్టేషన్లో లాకప్, వరండా, రిసెప్షన్ అన్నీ కనబడేలా కెమెరాలు పెట్టి, ఫుటేజీ ఏడాదికి తగ్గకుండా దాచమంది. మన రాష్ట్రంలో 2021లో అథారిటీకి చైర్మన్‌ను వేస్తే ఆ నియామకమే హైకోర్టు దాకా వెళ్లింది.

ఎన్టీఆర్ జిల్లాలో లాకప్‌లో దెబ్బలు తిన్న మనిషి ఇవాళ ఏ ఆఫీసుకు వెళ్లాలి? సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇస్తే అది తిరిగి తిరిగి కొట్టిన స్టేషన్‌కే విచారణకు వస్తుందని అతని భయం. గుంటూరులో అయినా ఇదే. ఆ అథారిటీకి ఒక గది, ఒక జడ్జి, సొంతంగా దర్యాప్తు చేసే నలుగురు మనుషులు, తలుపు మీద ఒక ఫోన్ నంబరు ఉంటే, ఆ అర్జీ ఎక్కడ ఇవ్వాలో అతనికి తెలుస్తుంది. తప్పంతా తన మీదికే నెట్టారని ఏడ్చే కానిస్టేబుల్ కూడా అదే తలుపు తట్టగలుగుతాడు.