అది వేగపు పందెం కాదు

అమెరికాలో జరిగే ఐరన్ బట్ ర్యాలీని మీ వ్యాసంలో ‘మోటారుసైకిళ్ల వేగపు పందెం’ అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 11 రోజుల్లో 11,000 మైళ్లు, అంటే సుమారు 17,700 కిలోమీటర్లు. మా నిర్మల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దాదాపు 4 వేల కిలోమీటర్లు ఉంటుంది. దానికి నాలుగు రెట్లకు పైగా! కానీ గెలుపు పాయింట్లది. ఏ చోటికి ఎన్ని పాయింట్లో జాబితా ఇస్తారు, దారి మాత్రం ఎవరిది వారే వేసుకోవాలి. అక్కడికి చేరి, తమ అంకె ఉన్న జెండా కనిపించేలా ఫొటో తీయాలి. ఫొటోలో జెండా లేకపోతే వందల మైళ్ల ప్రయాణం వృథా. అందరూ గడువులోగా హాజరు కావాల్సిన చెక్‌పాయింటుకు ఆలస్యమైతే పాయింట్లు కోస్తారు. విశ్రాంతికి కూడా పాయింట్లుంటాయి, నాకు అన్నిటికంటే నచ్చిన నియమం అదే. రెండేళ్లకోసారి ఆ రోజుల్లో పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని నివేదికలు చదువుతాను. అక్కడ అప్పుడు రాత్రి, ఎవరు పడుకున్నారో, ఎవరు ఇంకా రోడ్డు మీదే ఉన్నారో అని మనసు లాగుతుంది. దయచేసి ఆ మాట సవరించండి.